లోపలివైపు పూసిన గమ్ము

మొన్న మా ఇంట్లో బాత్రూము అద్దాల పని జరిగింది. హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉంటే ఆ వాసన వచ్చింది. వెనిగర్ సీసా మూత తీసినట్టు ముక్కులో పుల్లగా గుచ్చుకునే సిలికాన్ గమ్ము వాసన. పనివాడు గొట్టం మూతి కోసి, గన్నులో బిగించి, నొక్కడం మొదలుపెట్టాడన్నమాట. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు దాటిపోయింది, ఇప్పుడు విశాఖలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉన్నాను, అయినా ఆ వాసన తగిలితే చాలు, మళ్ళీ అరకులో ఆ ఇస్త్రీ గది ముందు నిలబడి ఉంటాను. మా ఆయన దీన్ని చాదస్తం అంటాడు. అననీ. ఆయన సింహాచలం మేస్త్రిని చూడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అరకులో ఒక గెస్ట్‌హౌసులో సూపర్‌వైజరుగా చేరాను. పేరుకే సూపర్‌వైజరుని. ఎనిమిది గదులు, నా కింద ఇద్దరు ఆడవాళ్ళు, నడుముకి తాళాల గుత్తి. అంతే నా రాజ్యం. మాది కొండ కింద శృంగవరపుకోట దగ్గర పల్లె. పక్షవాతంతో నాన్న మంచాన పడ్డాక ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. ఆ ఉద్యోగం ఎంతమంది కాళ్ళూ వేళ్ళూ పట్టుకుంటే వచ్చిందో నాకే తెలుసు. అందుకే ఓనరుగారి జీపు చప్పుడు వినిపిస్తే చాలు, నాకు భయం. మొక్కలకి నీళ్ళు పెట్టలేదంటాడేమో, దుప్పట్లో మరక ఉందంటాడేమో, రేపటినుంచి రావద్దంటాడేమో. ఆ ఒక్క భయంతోనే నేను మిగతా పనులన్నీ చేసేదాన్ని. తప్పుడు పనులు కూడా ఆ భయంతోనే చేశాను.

సింహాచలం గారు మా వైపు మనిషే. పైపుల పని, టైల్సు పని, అవసరమైతే కరెంటు పని, అన్నీ చేసేవారు. నెలకోసారి రైల్లో పైకి వచ్చి, రెండు మూడు రోజులుండి, ఉన్న మరమ్మతులన్నీ చేసి దిగిపోయేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం వంగి, చెవి వెనక ఎప్పుడూ పెన్సిల్ ముక్క. ఆయన అంత భయస్థుణ్ణి నేను చూడలేదు. నిచ్చెన ఎక్కాలంటే ముందు దాన్ని తాడుతో కిటికీ ఊచకి కట్టాలి. బల్బు మార్చాలంటే ఇల్లంతా కరెంటు ఆపాలి. ఆపాక మెయిన్ దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టాలి. "పేరులో సింహం, గుండెలో పిల్లి" అని మా వంటాయన వెక్కిరించేవాడు. అందరికంటే గట్టిగా నవ్వేది నేనే.

ఒకసారి వరండాలో హోల్డరు మారుస్తూ, మెయిన్ ఆపించిన తర్వాత కూడా, గోడమీద చేతి వెనకభాగం ఆనించి చూశారు. చంటిబిడ్డకి జ్వరం చూసినట్టు. కరెంటే లేదు కదా, ఇదేం చోద్యం మేస్త్రీ అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "మెయిను ఆపినామని మనం అనుకుంటాం తల్లీ, తీగకి తెల్దు కదా. అరసెయ్యి ఆనిత్తే, కరెంటుంటే ఏళ్ళు ముడుసుకుపోయి గోడనే పట్టుకుంటాది. ఎనకసెయ్యయితే ఇదిలించి ఒగ్గేత్తాది." ఆ మాట కూడా వంటింట్లో చెప్పి నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ చలికాలానికి ముందు ఓనరుగారు పైఅంతస్తులో ఆరో నంబరు గది బాత్రూములో గాజు గది కట్టించారు. చుట్టూ అద్దాలు, జరిపే తలుపు, అల్యూమినియం ఫ్రేము, కింద తెల్లని ట్రే, పైన షవరు. పట్నంనుంచి ఎవరో కుర్రాళ్ళు వచ్చి ఒక్కరోజులో బిగించి వెళ్ళిపోయారు. మా కొండమీద అలాంటిది మాకు తెలిసి అదే మొదటిది. వచ్చిన టూరిస్టులందరికీ ఓనరుగారు ఆ గదే చూపించేవారు. పది రోజులు తిరగకుండా ఆ గదిలో దిగినవాళ్ళు పిలిచారు. అద్దం అడుగునుంచి నీళ్ళు కారి మంచం కిందికి వస్తున్నాయి. ఓనరుగారికి ఫోను చేస్తే, సీజను నడుస్తోంది, మేస్త్రి కోసం గది మూస్తావా, నువ్వే ఏదో ఒకటి చేయలేవా అని విసుక్కున్నారు. చేయలేనని ఎలా అంటాను?

అరకులో చలికాలం గడిపినవాళ్ళకి ఒక అలవాటు అబ్బుతుంది. సందు కనిపిస్తే మూసెయ్యడం. కిటికీ రెక్కల మధ్య పాత గుడ్డలు కుక్కుతాం, తలుపు కింద గోనెసంచి దోపుతాం, పెంకుల మధ్య కాగితాలు పెడతాం. ఎంత మూస్తే అంత వెచ్చన. నేను నీటిని కూడా మంచులాగే అనుకున్నాను. హార్డ్‌వేరు షాపులో సిలికాన్ గొట్టం కొన్నాను, గన్ను ఎరువు తెచ్చుకున్నాను, పాత గమ్ము మీదే, తడి ఆరకుండానే, అద్దం చుట్టూ బయటా లోపలా చూపుడువేలంత మందాన పూశాను. ఫ్రేము అడుగున లోపలివైపు సన్నని కన్నాలు వరసగా కనిపించాయి. కుర్రాళ్ళు మూయడం మరిచిపోయారు కాబోలనుకుని వాటిని మరింత శ్రద్ధగా నింపాను. మర్నాటినుంచి గదిలో చుక్క నీరు లేదు. ఓనరుగారు ఫోనులో శభాష్ అన్నారు. నేను తాళాలు గలగలలాడించుకుంటూ తిరిగాను.

ఆ బాత్రూముకి సరిగ్గా కింద ఇస్త్రీ గది. అందులో గురుబారి పని చేసేది. డుంబ్రిగుడ వైపు కొండ ఊరు ఆమెది. నాకంటే పదేళ్ళు పెద్దది, నలుగురు పిల్లల తల్లి. దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, దొంతర పెడితే అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. మాట తక్కువ. నేను గమ్ము పూసిన వారానికి, దొంతర ఎత్తుకుని నా దగ్గరికొచ్చి, ఏదో ఎలక సంగతి చెప్పినట్టు మెల్లిగా చెప్పింది. "గోడ సెమ్మెక్కింది అమ్మా. బోర్డు కాడ ముట్టుకుంటే కరుత్తంది."

నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను గానీ, అయింది. గురుబారి వెనకే వెళ్ళి చూశాను. స్విచ్ బోర్డు పైన పళ్ళెమంత తడి మచ్చ. పైనుంచి నీరు దిగుతోంది. అంటే నేను ఆపానని గొప్పలు పోయిన నీరు ఆగలేదు, దారి మార్చుకుంది. చెబితే గది మూస్తారు, ఎవరు చేశారంటారు, నేను అంటాను, పో అంటారు. ఇంతే నా మనసులో తిరిగింది. గురుబారితో ఏమన్నానో తెలుసా? చెప్పులు వేసుకుని ఇస్త్రీ చెయ్యి, ఏమీ కాదు అన్నాను. ఆమె తల ఊపింది. మళ్ళీ నాలుగు రోజులకి, ఇస్త్రీ పెట్టె కూడా కరుస్తోందని చెప్పింది. మేస్త్రి వస్తాడులే అన్నాను. కింద ఏదైనా గిన్నె పడిన చప్పుడైతే పరుగున వెళ్ళి చూసేదాన్ని. అయినా నోరు విప్పలేదు. నా భయం మొత్తం నా గురించే.

మేస్త్రి వచ్చింది పైకప్పు మీద ట్యాంకు పైపు కోసం. మంచు ఇంకా విడవలేదు, పొద్దున్న తొమ్మిదయ్యుంటుంది. టీ తాగుతూ, ఇస్త్రీ గదిలో కొంచెం చెమ్మ ఉంది, తీరికైతే చూడమన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో. ఆయన గ్లాసు పట్టుకునే వచ్చి గుమ్మంలోంచి లోపలికి చూశారు. మచ్చ పళ్ళెమంత కాదు, చాపంత అయింది. బోర్డు మీద నీటి చుక్కలు మెరుస్తున్నాయి. గురుబారి దుప్పటి మీద పెట్టె తోస్తోంది. మమ్మల్ని చూసి, పెద్దవాళ్ళొచ్చారని పెట్టె నిలబెట్టి, స్విచ్ ఆపడానికి బోర్డు వైపు చెయ్యి చాచింది.

మేస్త్రి అరవలేదు. నిద్రపోతున్న పిల్లని లేపుతున్నంత మెల్లిగా అన్నారు. "అమ్మా, సెయ్యి ఎనక్కి తీసుకో. ఆ స్విచ్చి ముట్టుకోకు. గోడనీ ముట్టుకోకు. నీ సేతులు నీ కాడే ఎట్టుకుని అలగే నిలబడు." గురుబారి చెయ్యి బోర్డుకి బెత్తెడు దూరంలో ఆగింది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "బేగి ఎళ్ళి మెయిను దించీ" అన్నారు.

నేను వెనక్కి తిరిగాను. అప్పుడు చూశాను. గుమ్మం బయట, గోడవారగా, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా పెట్టిన రబ్బరు చెప్పుల జత. నీలం పట్టీలు, ఇంకా మెరుపు పోని కొత్త చెప్పులు. నేను వేసుకోమన్నానని సంతలో కొనుక్కుంది. కొనుక్కుని, రోజూ వేసుకొచ్చి, గుమ్మం బయట విడిచి, ఒట్టికాళ్ళతో ఆ తడి గచ్చు మీద నిలబడుతోంది.

మెయిన్ స్విచ్ ముందువైపు ఆఫీసు గదిలో ఉంది. ముప్ఫై అడుగులు ఉంటుందేమో. ఆ మంచులో అది ఎంత దూరమో నేను చెప్పలేను. కాలు జారి మోకాలు కొట్టుకుంది. దేవుడా, చెయ్యి పెట్టకు గురుబారీ, చెయ్యి పెట్టకు అనుకుంటూ హ్యాండిల్ కిందికి లాగాను. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఆగింది. వెనక్కి వెళ్ళి చూడటానికి నాకు కాళ్ళు రాలేదు. వాళ్ళు పిలుస్తారేమోనని నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. నా బతుకులో అంత పొడుగైన నిమిషం మరొకటి లేదు.

వెళ్ళేసరికి మేస్త్రి గుమ్మంలో కూలబడి ఉన్నారు. గురుబారి ఆయనకి నీళ్ళు ఇస్తోంది. బతికే ఉంది. నేను ఆమె మీద అరిచాను, సిగ్గులేకుండా. చెప్పులు వేసుకోమన్నాను కదా, ఎందుకు విప్పావని. ఆమె తన తప్పేమిటో తెలియనట్టు నా ముఖంలోకి చూసింది. "ఉతికిన బట్టలున్న గదిలోకి సెప్పులతోటి ఎలగెళ్తానమ్మా?"

నేనైనా అలాగే విప్పేదాన్ని. అది నాకు తెలియాల్సింది. చెప్పులు వేసుకోమని చెప్పినప్పుడే తెలిసుండాల్సింది.

మేస్త్రి కొంచెం తేరుకున్నాక అందర్నీ బయటికి పంపి, మెయిన్ ఒక్క నిమిషం వేయించి, కర్రచెక్క మీద నిలబడి, బోర్డుకి మూరెడు దూరంలో గోడకి టెస్టరు ఆనించి నాకు చూపించారు. తడి సున్నంలో టెస్టరు లోపల ఎర్రగా వెలిగింది. మెయిన్ మళ్ళీ దించి పైకి వెళ్ళాం. గాజు గది ముందు ఆయన గొంతుక్కూర్చుని, లోపలి గమ్ము మీద గోరుతో గీసి చూశారు. గమ్ము మీద వేలిగుర్తులు సన్నవి, ఆడమనిషివి. అది ఆయనకు తెలియక కాదు. అయినా ఎవరని అడగలేదు. ఆ అడక్కపోవడం నేను భరించలేకపోయాను.

"నానే ఎట్టాను మేస్త్రీ. కన్నాలు కూడా నానే మూసీసేను" అన్నాను. గురుబారి రెండుసార్లు చెప్పిందని కూడా చెప్పేశాను. ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. సంచిలోంచి బ్లేడు తీసి నా చేతికిచ్చారు. "ఫ్రేములోకి నీరు ఎలాగూ దూరతాది తల్లీ, ఎవుడూ ఆపలేడు. దూరింది తిరిగి ట్రేలోకి దిగాలని కన్నాలు ఒగ్గేరు. గమ్ము బయటేపే ఎట్టాల, లోపలేపు ఒగ్గీయాల. నువ్వు రెండేపులా మూసీసినావు. మరి అది ఏటి సేత్తాది? మేకుల కన్నాల్లోంచి గోడలో దూరింది."

ఇద్దరం కూర్చుని గీకాం. ఒక్క పొర మిగలకూడదన్నారు. మిగిలితే కొత్త గమ్ము దానికి పట్టదట. గీకుతూ ఉండగా, నేను అడక్కుండానే చెప్పారు. ఆయన వయసులో ఉన్నప్పుడు విజయనగరంలో ఒక ఇంట్లో నీళ్ళ తొట్టి కారుతుంటే పైపైన సిమెంటు రాసి, పనైపోయిందని వచ్చేశారు. ఆ గోడలో మోటారు తీగ ఉంది. ఆ ఇంటి కోడలు అరచెయ్యి ఆనించింది. బతికింది గానీ, కుడిచేతి వేళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు. "అది నాను ఎట్టిన సిమెంటు వల్లేనని ఆలకి ఈరోజుకీ తెల్దు. నానూ సెప్పలేదు. నువ్వు సెప్పేవు" అన్నారు. ఆయన్ని పిల్లిగుండె అని నవ్వినదాన్ని, నేను తల ఎత్తలేదు.

స్పిరిట్ గుడ్డతో తుడిచి, కుంపటి పెట్టి, ఒక రోజంతా ఆరనిచ్చారు. మర్నాడు బయటివైపు మాత్రమే సన్నగా, ఒక్క ఊపున గమ్ము లాగి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో నునుపు చేశారు. ఈ మంచులో రెండు రోజులు చుక్క నీరు తగలకూడదు, కింద గోడ ఎండేదాకా ఇస్త్రీ గదికి కరెంటు ఇవ్వకూడదు అన్నారు. ఆ మధ్యాహ్నమే ఓనరుగారి జీపు వచ్చింది. సాయంత్రానికి ఆయన స్నేహితుల కుటుంబం దిగుతోంది, ఆరో నంబరే కావాలి, దుప్పట్లన్నీ ఇస్త్రీ కావాలి. గమ్ము ముట్టుకుని చూసి, ఆరిపోయింది కదా, తాళం ఇవ్వమని నా వైపు చెయ్యి చాచారు. మేస్త్రి, పైన తోలు కట్టింది గానీ లోపల పచ్చిగానే ఉంది బాబూ అంటే, నీ పిరికితనం నా దగ్గర చూపించకు అన్నారు.

మేస్త్రి నా వైపు చూశారు. నాన్న మంచం కళ్ళముందు కనిపించింది. తాళం గుత్తి చేత్తో గట్టిగా పట్టుకున్నాను, గుచ్చుకునేంత గట్టిగా. "గమ్ము తప్పుగా పెట్టింది నేను సార్. గోడకి కరెంటు వస్తోందని గురుబారి రెండుసార్లు చెప్పినా మీకు చెప్పకుండా దాచింది కూడా నేనే. తాళం ఇవ్వను" అన్నాను. ఆయన అందరి ముందూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. సీజను అయ్యాక నీ సంగతి చూస్తానన్నారు. చూశారు కూడా, వేసవిలో నన్ను మానిపించేశారు. కానీ ఆ సాయంత్రం వచ్చినవాళ్ళు మూడో నంబరులో దిగారు. ఇస్త్రీ గదికి కరెంటు ఇవ్వలేదు. నేను పగలూ రాత్రీ భయపడిన ఆ మాట రానే వచ్చింది, వచ్చాక నాన్నకీ నాకూ ఇంకో దారి దొరికింది.

రెండు రోజుల తర్వాత మేస్త్రి బకెట్టు నీళ్ళలో పసుపు కలిపి, అద్దాల మీద లోపలినుంచి పావుగంట చెంబులతో కొట్టారు. పసుపు నీళ్ళు కన్నాల్లోంచి బుడబుడా ట్రేలోకి దిగడం నాకు చూపించారు. కింద గురుబారి పాత తెల్ల దుప్పటి ముక్క గోడకి అదిమి పట్టుకుంది. అంతకుముందు ఆమె గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విడవబోతుంటే నేనే వంగి పట్టుకున్నాను, విడవద్దని. నా మాట కాదనలేక, ముళ్ళమీద నడిచినట్టు లోపలికి వెళ్ళింది. గుడ్డ తెల్లగానే వచ్చింది. మేస్త్రి దాన్ని వెలుతురులో పెట్టి మూడుసార్లు తిప్పి చూశారు, నాలుగోసారి నన్ను చూడమన్నారు.

ఆయన పోయారని ఆరేళ్ళ తర్వాత ఎవరో చెప్పారు. నిద్రలో పోయారట. నిచ్చెన మీదనుంచీ కాదు, కరెంటు వల్లా కాదు. నాకు ఏడుపుతో పాటు ఒక రకమైన సంతోషం కూడా కలిగింది.

మొన్న చిక్కుడుకాయలు పక్కనబెట్టి లేచాను. ముందు వెళ్ళి మెయిన్ దించాను. తర్వాత బాత్రూము బయటి గోడకి చేతి వెనకభాగం ఆనించాను. పొడిగానే ఉంది. లోపలికి తొంగిచూస్తే పనివాడు బయటివైపు గమ్ము పూర్తిచేసి, గన్ను లోపలి అంచుకి తిప్పుతున్నాడు. ఎక్కువ పెడితే గట్టిగా ఉంటుంది మేడమ్ అన్నాడు. వద్దు బాబూ, అటు వదిలెయ్ అన్నాను. లైటు పోయిందేమిటంటే నేనే ఆపానన్నాను. ఇంత భయమేంటి మేడమ్ అని నవ్వాడు. నవ్వుకోనిచ్చాను, ఆ వయసులో నేనూ నవ్వాను. వెనక్కి తిరిగేసరికి కాలికి ఏదో తగిలింది. ఇల్లు శుభ్రంగా ఉందని, గుమ్మం బయట విడిచిన అతని చెప్పులు. వాటిని చేత్తో తీసుకెళ్ళి, బాత్రూములో తడి టైల్సు మీద అతని కాళ్ళ ముందు పెట్టాను.

"వేసుకో నాన్నా" అన్నాను. అతను వేసుకునేదాకా అక్కడే నిలబడ్డాను.